విదేశాలకు వెళ్లేటప్పుడు చేతిలో నగదు ఎంత ఉండాలి?

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే మా ఇంటికి ఒకే ప్రశ్నతో ఫోన్లు వస్తుంటాయి. ‘బ్యాంకాక్ వెళ్తున్నాం, ఎంత పట్టుకెళ్లాలి?’ ‘అమ్మాయి దగ్గరకు డల్లాస్ వెళ్తున్నాం, అయిదు వందల డాలర్లు సరిపోతాయా?’ అడిగేవాళ్లు అప్పటికే నలుగురిని అడిగి ఉంటారు. ఎదురింటివాళ్లు వెయ్యి డాలర్లు అని ఉంటారు. ఆఫీసులో ఎవరో ఇప్పుడు నగదెందుకు, అంతా కార్డే కదా అని ఉంటారు. ఇద్దరి మాటా వాళ్లు వెళ్లొచ్చిన దేశానికి నిజమే. మీరు వెళ్లే దేశానికి నిజమా కాదా అన్నది వాళ్లకు తెలియదు.

నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. ఏ దేశం? దిగగానే మిమ్మల్ని తీసుకెళ్లడానికి మనవాళ్లెవరైనా వస్తున్నారా? ఇక్కడి నుంచే కట్టేసిన ఖర్చులు ఏవి? వీటికి జవాబులు దొరికితే అంకె తేల్చడానికి ఒక కాగితం, అరగంట సమయం చాలు.

మొత్తం ఖర్చులో పది శాతమో, ఇరవై శాతమో నగదుగా ఉంచుకోవాలని చెప్పే కొలతలను నేను నమ్మను. మూడు లక్షల ఖర్చుతో సింగపూర్ వెళ్లేవారికి, అదే మూడు లక్షలతో వియత్నాం వెళ్లేవారికి కావాల్సిన నోట్లు ఒకటి కావు. నోటు తప్ప మరేదీ చెల్లని చోట్లు మీ ప్రయాణంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాటికి సరిపడా నగదు, దాని మీద కార్డు పనిచేయని రోజున ఆదుకునేంత. అంతకుమించి పట్టుకెళ్లిన ప్రతి నోటూ దారి పొడవునా కాపలా కాయాల్సిన బరువే.

ముందుగా చట్టం గీసిన గీత

ఎంత కావాలో తేల్చే ముందు ఎంత తీసుకెళ్లవచ్చో తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో అన్ని అవసరాలకూ కలిపి 2,50,000 డాలర్ల వరకు విదేశీ మారకం తీసుకోవచ్చు. నోట్లు, నాణేల రూపంలో మాత్రం చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్లు లేదా అంతే విలువైన ఇతర కరెన్సీ దాటకూడదు. మిగతాది ముందుగా విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డులోనో, బ్యాంకు ద్వారానో వెళ్లాలి. ఇరాక్, లిబియాలకు వెళ్లేవారికి నోట్ల పరిమితి 5,000 డాలర్లు. ఇరాన్, రష్యా, పూర్వపు సోవియట్ దేశాల కూటమికి వెళ్లేవారికి, హజ్, ఉమ్రా యాత్రికులకు వేరే సడలింపులున్నాయి. యాత్రికులు ఆ వివరాలను నాంపల్లి హజ్ హౌస్‌లో అడిగి తెలుసుకోవచ్చు. నేపాల్, భూటాన్ ప్రయాణాలకు విదేశీ మారకం ఇవ్వరు.

మన రూపాయలైతే మనిషికి 25,000 వరకు వెంట ఉంచుకోవచ్చు. వాటిలో రెండు మూడు వేలు వేరే కవరులో పెట్టుకోండి. తిరిగొచ్చిన రాత్రి శంషాబాద్‌లో దిగాక క్యాబ్‌కు, ఇంటి దారిలో టీకి, మందుకో మాకుకో పనికొస్తాయి. వెళ్లేటప్పుడు ఎవరికీ గుర్తురాని కవరు అది.

దిగే దేశంలోనూ గీతలుంటాయి. అమెరికాలో 10,000 డాలర్లకు మించి ఉంటే కస్టమ్స్‌కు రాసి ఇవ్వాలి. కుటుంబమంతా కలిసి వెళ్తే అందరి దగ్గరున్నదీ కలిపి లెక్కిస్తారు. ఐరోపా సమాఖ్యలోకి బయటి నుంచి వచ్చేవారికి 10,000 యూరోలు, బ్రిటన్‌లో 10,000 పౌండ్లు. విహారయాత్రకు వెళ్లేవారెవరూ ఆ అంకెల దరిదాపులకు పోరు. అయితే పిల్లల చదువు కోసమో, ఇంటి అడ్వాన్సు కోసమో అందరి సంచుల్లో తలా కొంత సర్దే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకుని వెళ్లాలి. నిజానికి అలాంటి పెద్ద మొత్తాలు నోట్లుగా వెళ్లాల్సిన పనే లేదు, బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపండి.

నోటు తప్ప మరేదీ చెల్లని చోట్లు ఏవి?

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. దేశాన్ని బట్టి ఈ జాబితా పూర్తిగా మారిపోతుంది.

సింగపూర్‌లో మెట్రో రైలు, బస్సు ఎక్కడానికి కార్డు తాకిస్తే చాలు. దుకాణాల్లోనూ నోటు తీయాల్సిన అవసరం పెద్దగా రాదు. చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లలో కొందరు వ్యాపారులు మాత్రం నగదే అడుగుతారు. నాలుగు రోజులకు మనిషికి యాభై సింగపూర్ డాలర్లు పట్టుకెళ్లినా కొంత మిగులుతుంది. స్వీడన్‌లో ఇంకా తక్కువ, అక్కడ ‘నోట్లు తీసుకోం’ అని బోర్డు పెట్టిన దుకాణాలే కనిపిస్తాయి. జర్మనీ పక్కనే ఉన్నట్టనిపించినా తీరు వేరు. అక్కడ చిన్న హోటళ్లు, బేకరీలు, సంతలు నగదుకు అలవాటుపడ్డవి. ప్రజా శౌచాలయానికి కూడా నాణెం కావాలి. జపాన్‌లో కార్డులు బాగా పెరిగాయి. అయినా గుడి టికెట్టుకు, చిన్న నూడిల్స్ దుకాణానికి, నాణేలు వేసే లాకరుకు యెన్‌లు చేతిలో ఉండాలి. అయితే అక్కడ 7-ఎలెవన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి కాబట్టి అంతా ఇక్కడి నుంచే మోయక్కర్లేదు.

దుబాయ్ సంగతి మన హైదరాబాదీలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. టాక్సీ, మాల్, మెట్రో అన్నీ కార్డుతో నడుస్తాయి. దేరా బజారులో బేరానికి, క్రీక్ దాటించే అబ్రా పడవలో ఇచ్చే ఒక్క దిర్హమ్‌కు మాత్రం నగదు కావాలి. ఆ ఒక్క దిర్హమ్ దగ్గర వంద దిర్హమ్‌ల నోటు తీస్తే పడవ నడిపే అతని ముఖం చూడాలి!

థాయిలాండ్, వియత్నాం, ఇండోనేసియా, శ్రీలంక వేరే కోవలోకి వస్తాయి. హోటల్, మాల్ కార్డుతో గడుస్తాయి. వీధి తిండి, టుక్‌టుక్, పడవ, రాత్రి బజారు, చిన్న గుడి టికెట్టు అంతా నగదే. మన ప్రయాణాల్లో సరదా అంతా ఆ రెండో జాబితాలోనే ఉంటుంది కాబట్టి ఈ దేశాలకు నగదు లెక్క జాగ్రత్తగా వేయాలి.

యూపీఐ ఉంది కదా అంటారు. సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, నేపాల్, భూటాన్, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కొన్ని చోట్ల పనిచేస్తుంది. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులను ముందుగా ఆన్ చేసుకోవాలి. పనిచేస్తే సంతోషం. కానీ నగదు లెక్కలో దాని పేరు చెప్పి ఒక్క రూపాయి కూడా తగ్గించకండి.

కాగితం మీద లెక్క

ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి భార్యాభర్తలు, టికెట్టు అక్కర్లేని చిన్న పాప, బ్యాంకాక్, పట్టాయా కలిపి ఆరు రోజులు. విమానం, హోటల్ డబ్బు ఇక్కడే కట్టేశారు. ఇక కాగితం తీయండి.

రోజువారీ నగదు ఖర్చు: వీధి తిండి, పళ్లు, కొబ్బరి బోండాలు 600 బాట్. టుక్‌టుక్, పట్టాయా వీధుల్లో తిరిగే సాంగ్‌తావ్ బండ్లు 400. నీళ్లు, టిప్పులు, చిల్లర మల్లర 200. రోజుకు 1,200, ఆరు రోజులకు 7,200.

టికెట్లు: గ్రాండ్ ప్యాలెస్ విదేశీయులకు మనిషికి 500 బాట్, వాట్ ఫో 300, వాట్ అరుణ్ 200. ఇద్దరికీ కలిపి 2,000.

బజారులో కొనుగోళ్లు: 3,000. ఇది మీ ఇష్టం, కానీ అంకె ముందే రాయండి. రాయకపోతే చతుచక్ సంతలో అది దానంతట అదే రెట్టింపవుతుంది.

మొత్తం 12,200 బాట్. లెక్క తేలిగ్గా ఉండడానికి బాట్‌కు 3 రూపాయలు అనుకుందాం, 36,600 రూపాయలు.

దీనికి ఆపద నిధి కలపాలి. కార్డు పోయినా, బ్లాక్ అయినా రెండు రోజులు గడవాలి. ఒక రాత్రి మామూలు హోటల్ గది, తిండి, విమానాశ్రయానికి టాక్సీ. ఈ కుటుంబానికి 200 డాలర్లు చాలు. దీన్ని బాట్‌గా కాకుండా డాలర్లుగానే ఉంచమంటాను. ఆపద రాకపోతే ఆ నోట్లు విప్పకుండా ఇంటికొస్తాయి, మరో ఏడాది మరో దేశానికి పనికొస్తాయి. బాట్‌లు మిగిలితే మళ్లీ థాయిలాండ్ వెళ్లాల్సిందే, లేదా తక్కువ ధరకు అమ్ముకోవాల్సిందే. డాలర్‌కు 90 రూపాయలు అనుకుంటే 18,000.

అంతా కలిపి 54,600 రూపాయలు. ఈ ప్రయాణానికి కావాల్సిన నగదు ఇదే. ఇంకో లక్ష ఖర్చుపెట్టే ఉద్దేశం ఉంటే అది కార్డులో ఉండనివ్వండి.

ఈ అంకెను ఒక కొర్రీతో సరిచూడండి. ఆ దేశం సరిహద్దు దగ్గర డబ్బు చూపించమని అడుగుతుందా? థాయిలాండ్‌లో దిగాక తీసుకునే వీసాకు మనిషికి 10,000 బాట్, కుటుంబానికి 20,000 బాట్ విలువైన నగదు చూపగలగాలన్న షరతు ఉంది. పై కుటుంబం దగ్గర బాట్‌లు, డాలర్లు కలిపితే 18,000 దాకా వస్తాయి. అలాంటి వీసా మీద వెళ్లేట్టయితే ఆపద నిధిని 300 డాలర్లకు పెంచుకోండి. వీసా నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొన్నాక ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైటు ఒకసారి చూడండి. బాలీకి వెళ్లేవారు దిగగానే 5,00,000 ఇండోనేసియా రూపాయాల (మన రూపాయలు కావు) వీసా రుసుము, పర్యాటకుల నుంచి వసూలు చేసే 1,50,000 రూపాయాల సుంకం కూడా రాసుకోవాలి. రెండూ ఆన్‌లైన్‌లో ముందే కట్టవచ్చు, కడితే నగదు లెక్కలోంచి కొట్టేయండి.

కొంత నగదు అక్కడి ఏటీఎంలో తీసుకుందాం అనుకుంటే రుసుము లెక్క చూడండి. థాయిలాండ్‌లో విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ ఏటీఎం దాదాపు 220 బాట్ కోసుకుంటుంది. మూడు వేల బాట్ తీస్తే అది ఏడు శాతం పైనే. ఇరవై వేలు తీస్తే ఒక శాతం చిల్లర. మీ బ్యాంకు రుసుము దీనికి అదనం. ఏటీఎంకు వెళ్తే ఒక్కసారే వెళ్లండి, కావాల్సినంతా తీయండి.

పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలు

మన ఊరి నుంచి అమెరికా వెళ్లేవారిలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. దిగేచోట కొడుకో కూతురో ఉంటారు, తిండి, నీడ, బండి అన్నీ అక్కడివే. నోటు తప్ప చెల్లని చోటు దాదాపు లేదు. అంతా సవ్యంగా జరిగితే వంద డాలర్లు కూడా ఖర్చుకావు. అయినా మనిషికి 200, ఇద్దరికీ 400 డాలర్లు ఉంచమంటాను. మధ్యలో దిగే ఊళ్లో విమానం తప్పిపోతే ఒక రాత్రి గడవడానికి అది అవసరం.

మొత్తం కన్నా ముఖ్యమైంది నోట్ల పరిమాణం. మా అమ్మ మొదటిసారి చెల్లెలి దగ్గరకు ఒక్కతే వెళ్లినప్పుడు నేను నాలుగు కొత్త వంద డాలర్ల నోట్లు కొని ఇచ్చాను. నాలుగే నోట్లు కదా, దాచుకోవడం సులువని నా ఆలోచన. ఆమె దిగిన విమానాశ్రయంలో సామాను ట్రాలీ ఉచితం కాదు. యంత్రంలో కార్డు పెట్టాలి, లేదా చిన్న నోట్లు వేయాలి. వంద నోటు అది తీసుకోదు. కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేయాలని నేను మరిచిపోయాను. ఇరవై మూడు కిలోల పెట్టెలు రెండు. మోకాళ్ల నొప్పులు. ఆ యంత్రం పక్కన ఇరవై నిమిషాలు నిలబడింది. చివరికి అదే విమానంలో వచ్చిన ఒక అబ్బాయి తన కార్డుతో ట్రాలీ తీసి ఇచ్చాడట. అమ్మ తన పర్సులో ఉన్న అయిదు వందల రూపాయల నోటు ఇవ్వబోతే తీసుకోలేదట. పదేళ్లయినా ‘ఆ అబ్బాయి బాకీ ఉండిపోయింది’ అంటుంది.

అప్పటి నుంచి పెద్దవాళ్లు వెళ్తున్నారంటే నేనే కూర్చుని రెండు కవర్లు చేస్తాను. ఒకటి చేతి సంచి బయటి జేబులోకి: ఒక డాలర్ నోట్లు పది, అయిదువి నాలుగు, ఇరవైవి మూడు. కవరు మీద తెలుగులో ‘ట్రాలీ, నీళ్లు, టిప్పు’ అని రాస్తాను. రెండోది లోపలికి: మిగతావి ఇరవైలు, యాభైలు, ఒక వంద. అడిగితే మారకపు కౌంటర్లలో చిన్న నోట్లు ఇస్తారు. అడగకపోతే వందలే లెక్కపెట్టి చేతిలో పెడతారు. ముందురోజే ఫోన్ చేసి చిన్న నోట్లు కావాలని చెప్పి ఉంచండి.

చదువుకు వెళ్లే పిల్లలకు లెక్క వేరు. దిగిన మొదటి పదిహేను రోజులు బ్యాంకు ఖాతా తెరిచేదాకా గడవాలి. అద్దె, ఫీజు ఫారెక్స్ కార్డు ద్వారానో, నేరుగా పంపడం ద్వారానో వెళ్లాలి. నోట్లుగా అయిదారు వందల డాలర్లు చాలు. మూడు వేలు అనుమతిస్తారు కదా అని మూడు వేలూ పెట్టి, నలుగురు కొత్తవాళ్లు ఉండే గదిలోకి పంపడం ఆ పిల్లలకు మనం చేసే మేలు కాదు.

హైదరాబాద్‌లో ఎక్కడ, ఎలా కొనాలి?

మొదటి నియమం: విమానాశ్రయానికి వదిలేయకండి. విమానాశ్రయ కౌంటర్ల ధర మామూలుగా ఊళ్లో కన్నా ఎక్కువ, పైగా అక్కడ బేరమాడే ఓపిక, సమయం మనకుండవు. ప్రయాణానికి వారం ముందు పని మొదలుపెట్టండి. 60 రోజుల కన్నా ముందుగా కొనకూడదన్న నిబంధన ఉంది, రూపాయి పడిపోతోందని ఆరు నెలల ముందు కొని దాచడం కుదరదు.

బషీర్‌బాగ్, హిమాయత్‌నగర్, బేగంపేట, సికింద్రాబాద్, బంజారాహిల్స్‌లో రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న మారకపు సంస్థలున్నాయి. మీ బ్యాంకు శాఖలోనూ అడగవచ్చు. ముగ్గురికి ఒకే రోజు, ఒకే గంటలో ఫోన్ చేసి ఒకటే ప్రశ్న వేయండి: ‘12,000 థాయ్ బాట్ నోట్లుగా కావాలి. అన్ని ఖర్చులూ, జీఎస్టీ కలిపి నేను కట్టాల్సిన మొత్తం ఎంత?’ ధర ఎంత అని మాత్రం అడగకండి. ఒకరు తక్కువ ధర చెప్పి సర్వీస్ చార్జీ కలుపుతారు, మరొకరు చార్జీ లేదంటూ ధరలోనే కలిపేస్తారు. చివరి అంకె పక్కపక్కన రాసుకుంటేనే తేడా తెలుస్తుంది. డాలర్‌కు రూపాయిన్నర తేడా అంటే 500 డాలర్లకు 750 రూపాయలు. ఒక ఫోన్ కాల్‌కు అది తక్కువేమీ కాదు.

జీఎస్టీ గురించి కంగారు వద్దు. లక్ష రూపాయల లోపు మార్పిడిలో ఒక శాతాన్ని పన్ను విలువగా తీసుకుని, దాని మీద 18 శాతం వేస్తారు. అంటే లక్షకు 180 రూపాయలు. ఎంత చిన్న మార్పిడికైనా కనీసం 45. బిల్లులో ఇంతకన్నా ఎక్కువ కనిపిస్తే అడగండి. విదేశీ చెల్లింపుల మీద ముందుగా వసూలు చేసే టీసీఎస్ పన్ను 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షలు దాటిన మొత్తం మీదే, కాబట్టి విహారయాత్రకు కొనే నోట్లకు అది మామూలుగా తగలదు.

పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, పాన్ కార్డు తీసుకెళ్లండి. విదేశీ మారకం ఎందుకు కొంటున్నామో తెలుపుతూ వాళ్లిచ్చే ఏ2 ఫారం మీద సంతకం చేయాలి. రూపాయల్లో 50,000, ఆ పైన అయితే నగదుగా తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. పై ఉదాహరణలోని 54,600 రూపాయల కుటుంబం నోట్ల కట్టతో వెళ్తే వెనక్కి రావాల్సి వస్తుంది.

తెలిసినవాళ్ల తెలిసినవాళ్లు గల్ఫ్ నుంచి తెచ్చారనో, బజారులో ఎవరో రూపాయి తక్కువకు ఇస్తున్నారనో లైసెన్సు లేనివారి దగ్గర కొనకండి. అది విదేశీ మారకం లావాదేవీలను నియంత్రించే ఫెమా చట్టానికి విరుద్ధం. నకిలీ నోటు వస్తే అడగడానికి చిరునామా కూడా ఉండదు. బిల్లు లేని విదేశీ నోటు ఇంటికి తేవద్దు.

ఏ కరెన్సీ కొనాలన్నదీ ఇక్కడే తేలాలి. థాయ్ బాట్, దిర్హమ్, సింగపూర్ డాలర్, యూరో, పౌండ్ ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి, నేరుగా అవే కొనండి. రూపాయి నుంచి డాలర్, డాలర్ నుంచి బాట్ అని రెండుసార్లు మారిస్తే రెండుసార్లు నష్టం. వియత్నాం డాంగ్, ఇండోనేసియా రూపాయా అంత తేలిగ్గా దొరకవు, దొరికినా ధర బాగుండదు. వాటికి డాలర్లు తీసుకెళ్లి అక్కడ మార్చుకోవడమే మేలు. ఇక్కడ మాత్రం చిన్న నోట్లు వద్దు, శుభ్రమైన వంద డాలర్ల నోట్లు కావాలి. చాలా మారకపు కౌంటర్లలో చిన్న నోట్లకు తక్కువ ధర ఇస్తారు. అమెరికా వెళ్లే అమ్మకు చిన్నవి, హనోయ్ వెళ్లే తమ్ముడికి పెద్దవి.

కౌంటర్ దగ్గర నోట్లు చూడండి

తొందరపడకండి. కౌంటర్ మీదే ఒక్కో నోటూ విడదీసి లెక్కపెట్టండి. కిందటేడాది నాకు ఇచ్చిన వంద డాలర్ల కట్టలో ఒక నోటు అంచున వేలిగోరంత నల్లటి ముద్ర ఉంది. ఎవరో గుర్తు కోసం వేసిన చిన్న పువ్వు ముద్ర. మన దగ్గర దాన్ని ఎవరూ పట్టించుకోరు, ఆగ్నేయాసియాలో చాలా కౌంటర్లలో అలాంటి నోటు పక్కన పెడతారు. మార్చి ఇమ్మంటే ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చింది. చిరుగు, పెన్ను గీత, ముద్ర, గట్టి మడత ఉన్నవి తీసుకోకండి. డాలర్లలో నీలం పట్టీ ఉన్న కొత్త రకం వందలే అడగండి.

ఇంట్లో పాత నోట్లుంటే ఇప్పుడే బయటికి తీయండి. బ్రిటన్‌లో 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు 2022 సెప్టెంబరు 30తో దుకాణాల్లో చెల్లుబాటు కోల్పోయాయి. ఇప్పుడు ప్లాస్టిక్ నోట్లే చెల్లుతాయి. మామయ్య లండన్ నుంచి తెచ్చి బీరువాలో పెట్టినవి కాగితపువైతే అక్కడ దుకాణంలో ఇబ్బంది పడతారు. 500 యూరోల నోటు చెల్లుతుంది గానీ 2019 నుంచి కొత్తగా విడుదల చేయడం లేదు, చాలా దుకాణాలు తీసుకోవు.

బయలుదేరే రాత్రి

నోట్లను మూడు చోట్లకు పంచండి. రోజు ఖర్చు పర్సులో. మిగతా స్థానిక కరెన్సీ ఒంటి మీద, బట్టల లోపల. మా ఇంట్లో ఆడవాళ్లు లంగా నాడా దగ్గర లోపలివైపు కుట్టుకునే చిన్న జిప్పు సంచి దొరికే ఏ మనీ బెల్టుకన్నా బాగుంటుంది. ఆపద డాలర్లు ఇంకొకరి దగ్గర. భార్యాభర్తలిద్దరి డబ్బూ ఒకే సంచిలో పెట్టకండి. చెక్-ఇన్ పెట్టెలో ఒక్క నోటు కూడా వద్దు.

కార్డులు రెండు ఉండాలి, వేర్వేరు బ్యాంకులవైతే మంచిది. బ్యాంకు యాప్ తెరిచి విదేశీ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టండి. 2020 నుంచి కొత్త కార్డుల్లో ఇది మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. నగదు లెక్క నేను పైన ఇంత తక్కువకు కుదించింది ఈ రెండు కార్డులూ పనిచేస్తాయన్న నమ్మకంతోనే. ఒక్క కార్డే ఉంటే ఆపద నిధి రెట్టింపు చేయండి.

అక్కడ దిగాక

ఇక్కడ దొరకని కరెన్సీ అయితే విమానాశ్రయంలో యాభై డాలర్లే మార్చండి, ఊళ్లోకి వెళ్లాక మిగతాది. వియత్నాంలో నోట్ల రంగు చూసి ఇవ్వకండి. 20,000, 5,00,000 డాంగ్ నోట్లు రెండూ నీలమే, పైగా ప్లాస్టిక్ కావడంతో ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకటి మరొకదానికి ఇరవై అయిదు రెట్లు. సాయంత్రం మసక వెలుతురులో టాక్సీ దిగుతూ పొరపాటు పడితే ఒక రోజు తిండి ఖర్చు పోతుంది. పెద్ద నోట్లు వేరే జేబులో పెట్టుకోండి.

కార్డు గీకేటప్పుడు యంత్రం ‘రూపాయల్లో కట్టాలా, స్థానిక కరెన్సీలో కట్టాలా’ అని అడుగుతుంది. స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. రూపాయల అంకె కనిపిస్తే మనకు ధైర్యంగా ఉంటుంది, కానీ ఆ మార్పిడి ధర దుకాణం తరఫు సంస్థ పెట్టేది, తరచూ మీ బ్యాంకు ధరకన్నా ఎక్కువ. ఏటీఎం తెర మీద వచ్చే మార్పిడి ప్రశ్నకూ ఇదే జవాబు.

నగదు కరిగిపోతున్న తీరును మూడో రోజు రాత్రి ఒకసారి చూడండి. సగం రోజులకు సగం కన్నా ఎక్కువ మిగిలి ఉంటే తర్వాతి రోజుల్లో కార్డు చెల్లే చోట కూడా నోట్లే ఇవ్వండి. చివరి రోజు హోటల్ అదనపు బిల్లులో కొంత నగదుగా, మిగతాది కార్డుగా తీసుకుంటారా అని అడగండి. చాలా చోట్ల ఒప్పుకుంటారు. నాణేలు విమానాశ్రయంలో నీళ్ల సీసాకు వాడేయండి, ఇక్కడ వాటిని ఎవరూ కొనరు.

తిరిగొచ్చాక

మిగిలిన విదేశీ నోట్లు 2,000 డాలర్ల విలువ దాకా మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకుమించినవి వచ్చిన 180 రోజుల్లోపు లైసెన్సు ఉన్నవారికి అమ్మేయాలి. నాణేలకు పరిమితి లేదు. వచ్చేటప్పుడు నోట్లే 5,000 డాలర్లు దాటినా, అన్ని రూపాల్లో కలిపి 10,000 డాలర్లు దాటినా విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఫారం నింపాలి. గల్ఫ్ నుంచి పొదుపు చేతబట్టుకుని వచ్చేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఆపద డాలర్లను కొన్న బిల్లుతో కలిపి కవరులో పెట్టి, పైన తేదీ, ఎంత ఉందో రాయండి. లెక్క వేసిన కాగితాన్నీ అందులోనే పెట్టండి. ప్రతి వరుస పక్కన నిజంగా ఎంత అయిందో ఎర్ర పెన్నుతో రాస్తే ఇంకా మంచిది. మా బ్యాంకాక్ కాగితం మీద టుక్‌టుక్‌కు 400 అని ఉన్నచోట 650 అని ఎర్రగా ఉంది. గుడి టికెట్లు సరిగ్గా తేలాయి. కొబ్బరి బోండాలకు విడిగా ఒక వరుస పెట్టాలని మా అబ్బాయి అడుగున రాసిపెట్టాడు.